‘నెట్లో చూసి రాసుకురండి’ అంటే సరిపోదు

సాయంత్రం ఆరు దాటాక ఏ ఊళ్లో జిరాక్స్ షాపు ముందైనా నలుగురైదుగురు పిల్లలు యూనిఫాం కూడా మార్చుకోకుండా నిలబడి కనిపిస్తారు. ‘అన్నా, రుద్రమదేవి ప్రాజెక్టు కావాలి’ అంటుంది ఎనిమిదో తరగతి అమ్మాయి. షాపతను కంప్యూటర్లో ఆ పేరు కొడతాడు. మొదట వచ్చిన పేజీ తెరిచి రెండు కాగితాల సమాచారం, ఒక రంగుల బొమ్మ ప్రింటు తీసి ఇస్తాడు. చాలాసార్లు ఆ బొమ్మలో ఉండేది రుద్రమదేవి కాదు, 2015లో వచ్చిన సినిమాలో ఆ వేషం కట్టిన అనుష్క. అమ్మాయి ఇంటికెళ్లి కత్తిరిస్తుంది, చార్టుకు గమ్ముతో అంటిస్తుంది, పైన స్కెచ్ పెన్నుతో పేరు రాస్తుంది. మర్నాడు మాస్టారు సంతకం పెడతారు. ప్రాజెక్టు పూర్తయింది. వెతకడమనే పని మాత్రం ఎవరూ చేయలేదు.

ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి కాబట్టి ‘నెట్లో చూసి రాసుకురండి’ అన్న మాట బడుల్లో తరచూ వినపడుతుంది. ఎలా చూడాలో చెప్పే పాఠం మాత్రం చాలా బడుల్లో లేదు. నిఘంటువు చేతికిచ్చే ముందు అకారాది క్రమం నేర్పుతాం. పటం చూపించే ముందు దిక్కులు చెబుతాం. ఇంటర్నెట్ దగ్గరికి వచ్చేసరికి ఫోన్ ఇచ్చేసి, ఈ కాలం పిల్లలకు ఒకరు చెప్పాలా అనుకుంటున్నాం. తెర మీద వేళ్లు చురుగ్గా కదులుతున్నాయంటే ఫోన్ వాడటం వచ్చినట్టే. వెతకడం వచ్చినట్టు కాదు.

దాన్ని నేర్పాలి, బడిలోనే నేర్పాలి. ‘పిల్లల భద్రత’ అని ఒక సదస్సు, ‘డిజిటల్ నైపుణ్యం’ అని ఇంకో సదస్సు విడివిడిగా పెట్టే పద్ధతీ మారాలి. ఈ మాట ఎవరు చెబుతున్నారు, వాళ్లకెలా తెలుసు అని ఒక్క క్షణం ఆగి అడిగే అలవాటుంటే పిల్లలు తప్పు జవాబు రాయరు. మోసగాడి లింకు నొక్కబోయినప్పుడు ఆపేదీ అదే అలవాటు.

రుద్రమదేవి సంగతే చూద్దాం. ఆమె ఏ సంవత్సరంలో మరణించింది? ఒక పేజీలో 1289 అని ఉంటుంది, మరో పేజీలో 1295 అని, ఇంకోచోట 1296 అని. షాపతను ప్రింటు తీసిన కాగితంలో ఏ అంకె ఉంటే అదే ఆ అమ్మాయి రాసుకొస్తుంది. పక్క బెంచీ అబ్బాయి ఇంకో అంకె రాసుకొస్తాడు. ఇద్దరికీ టిక్కు పడుతుంది. నిజానికి ఆ తేడా వెనక మంచి కథ ఉంది. పాత చరిత్ర పుస్తకాలు ఆమె పాలన 1295 వరకో 1296 వరకో సాగిందని రాశాయి. ఆ తర్వాత నల్గొండ జిల్లాలో, నకిరేకల్ దగ్గరి చందుపట్లలో ఒక శాసనం వెలుగు చూసింది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన దేవుడికి భూమి ఇచ్చాడని ఆ రాతి మీద ఉంది. దాని తేదీ 1289 నవంబరు 27. అంటే ఆ రోజుకే రాణి లేదు. తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులోనే ఆమె ప్రాణాలు విడిచి ఉంటుందని చరిత్రకారులు అనడానికి ఈ శాసనమే ఊతం.

ఈ సంగతి దాకా చేరడానికి ఆ అమ్మాయికి కావాల్సింది ఒకే ఒక్క అదనపు మాట. ‘రుద్రమదేవి’ అని కొడితే సినిమా పోస్టర్లు వస్తాయి. ‘రుద్రమదేవి మరణం శాసనం’ అని కొడితే చందుపట్ల వస్తుంది. జవాబులో ఏ మాట ఉండొచ్చో ముందే ఊహించి ఆ మాటను వెతుకులో పెట్టడం అన్నిటికన్నా పెద్ద కిటుకు. తర్వాతివి చిన్నవి. ఒక పదబంధం ఉన్నదున్నట్టుగా కావాలంటే దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. సినిమా అక్కర్లేదనుకుంటే ఆ మాట ముందు మైనస్ గుర్తు తగిలించాలి. తెలుగులో సరిగా దొరక్కపోతే అదే ప్రశ్న ఇంగ్లిషులో కొట్టాలి, ఇంగ్లిషులో దొరికినదాన్ని మళ్లీ తెలుగులో సరిచూసుకోవాలి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసం దొరికితే దాన్ని ఎత్తి రాసుకోకుండా, అడుగున ఉన్న మూలాల జాబితాకు దిగాలి. రెండు భాషల్లో వెతకగలగడం మన పిల్లలకున్న బలం. దాన్ని బలమని వాళ్లకు చెప్పేవాళ్లే తక్కువ.

దొరికిన పేజీని నమ్మాలా వద్దా అన్నది తర్వాతి ప్రశ్న. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో వెలువరించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. పదిమంది చరిత్ర ఆచార్యులు, పదిమంది వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవాళ్లు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. వాళ్లకు చూపించిన వాటిలో పిల్లల వైద్యుల సంఘాల వెబ్‌సైట్లు రెండున్నాయి. ఒకటి దశాబ్దాలుగా వేలాది వైద్యులున్న పెద్ద సంఘానిది. రెండోది 2002లో దాన్నుంచి విడిపోయి పెట్టుకున్న చిన్న బృందానిది. పేర్లు మాత్రం దాదాపు ఒకటే. ఆచార్యులు, విద్యార్థులు ఆ పేజీలను పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు. లోగో బాగుంది, భాష హుందాగా ఉంది, అడుగున మూలాలిచ్చారు అని చూశారు. వాళ్లలో చాలామంది తికమకపడ్డారు. నిజనిర్ధారకులు అసలు ఆ పేజీలో కూర్చోలేదు. వచ్చీ రాగానే కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంఘం గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. తక్కువ సమయంలో సరైన తీర్పు చెప్పింది వాళ్లే.

మన ఇళ్లలో ఈ పద్ధతికి పాతకాలం నుంచీ ఒక పేరుంది. వాకబు చేయడం. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఎలాంటివాడని అబ్బాయి ఇంట్లోనే అడిగి ఊరుకోం. ఆ వీధిలో అడుగుతాం, పనిచేసేచోట అడుగుతాం, వాళ్ల ఊళ్లో తెలిసినవాళ్లుంటే ఫోన్ చేస్తాం. వెబ్‌సైటుకూ అదే వర్తిస్తుందని చెబితే ఆరో తరగతి పిల్లలకైనా చటుక్కున అర్థమవుతుంది. ‘ఈ సైటు గురించి ఇంకెవరేమంటున్నారో వాకబు చేశావా?’ అని టీచరు అడిగితే చాలు.

దీనికి తోడు చిరునామా చదవడం. తపాలా ఉత్తరం మీద చిరునామాను ఎటునుంచి చదువుతారు? అందుకోవాల్సినాయన పేరు పైన ఉన్నా, ఉత్తరాలు వేరుచేసే చోట చూసేది కింద ఉన్న పిన్‌కోడు, జిల్లా. వెబ్‌సైటు పేరునూ అలాగే చివరి నుంచి వెనక్కి చదవాలి. పదో తరగతి ఫలితాలు వచ్చే రోజు ఫలితాల పేరుతో పదుల సైట్లు ఎదురవుతాయి. చివర ‘డాట్ గవ్ డాట్ ఇన్’ ఉన్నది ప్రభుత్వానిది. బ్యాంకు పేరు ముందుండి, చివరి డాట్ కామ్‌కు ఆనుకుని ఇంకేదో పేరు ఉంటే ఆ సైటు బ్యాంకుది కాదు, ఆ ఇంకేదో పేరు కొనుక్కున్నవాడిది. డాట్ ఓఆర్‌జీ అంటే సేవాసంస్థే అయి ఉంటుందని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే భయం లేదనేది ఇంకో అపోహ. దారిలో సమాచారాన్ని ఎవరూ తొంగి చూడలేరని మాత్రమే దాని అర్థం. అవతలి వాడు నిజాయితీపరుడని కాదు. జనం ఇలా పొరబడుతున్నారనే గూగుల్ సంస్థ 2023లో క్రోమ్ బ్రౌజరులోంచి ఆ తాళం గుర్తును తీసేసింది.

ఇదంతా చదువుల గొడవే అనుకుంటే పొరపాటు. మన ఊళ్లలో చాలా ఇళ్లకు వెతికిపెట్టేది ఆ ఇంటి పిల్లలే. ‘బుజ్జీ, గ్యాసు వాళ్ల నంబరు చూడమ్మా’ అని నాయనమ్మ అడుగుతుంది. పీఎం కిసాన్ డబ్బులు పడ్డాయో లేదో చూడమని తాత ఫోన్ ఇస్తాడు. పార్సిల్ ఎందుకు రాలేదో కనుక్కోమంటుంది అమ్మ. సరిగ్గా ఇక్కడే మోసగాళ్లు కాచుకుని ఉంటారు. కస్టమర్ కేర్ నంబరని వెతికితే తమ నంబరే కనబడేలా దొంగ పేజీలు, ప్రకటనలు పెడతారు. ఆ నంబరుకు చేస్తే అవతలివాడు మర్యాదగా మాట్లాడి, ఫోన్‌ను దూరం నుంచి నడిపే యాప్ ఒకటి వేయిస్తాడు. లేదంటే డబ్బు వాపసు వస్తుందని చెప్పి యూపీఐ పిన్ను కొట్టిస్తాడు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో తిరిగే, దొంగ యాప్ వేయించే ఏపీకే ఫైళ్లూ ఇలాంటివే. వెతుకు ఫలితాల్లో పైన ‘స్పాన్సర్డ్’ అని చిన్న అక్షరాలతో ఉండేది డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన అని, నంబరు కావాలంటే బిల్లు మీదో, పాసుపుస్తకం మీదో, కంపెనీ సొంత సైటులోనో చూడాలని ఆ బుజ్జికి తెలిస్తే నాయనమ్మ ఖాతా భద్రంగా ఉంటుంది. పదమూడేళ్ల పిల్లకు నేర్పిన పాఠం ఇంటిల్లిపాదికీ అందుతుంది.

ఫోన్ చేతికొచ్చినంతగా దాన్ని వాడే తీరు రాలేదని అంకెలూ చెబుతున్నాయి. పల్లెల్లో చదువుల తీరును సర్వే చేసే అసర్ నివేదిక 2024లో 14 నుంచి 16 ఏళ్ల వాళ్లను ఫోన్ గురించి అడిగింది. 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి దాన్ని వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. సోషల్ మీడియా వాడేవాళ్లలో ఒక ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడమో, ఫిర్యాదు చేయడమో తెలిసినవాళ్లు 62 శాతం. తమ ప్రొఫైల్‌ను ఇతరులకు కనపడకుండా పెట్టుకోవడం తెలిసినవాళ్లు 55 శాతమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. చాలా ప్రభుత్వ బడుల గోడలకు డిజిటల్ బోర్డులు వచ్చాయి. పరికరాలు ఇవ్వడంలో చూపిన ఈ పట్టుదల వాటిని వాడే తీరు నేర్పడంలోనూ ఉండాలి.

అసలు ఫోనే ఇవ్వకుండా ఉంటే పోలేదా అనేవాళ్లున్నారు. వాళ్ల భయం అర్థం కానిది కాదు. ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసి, పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదంది. మన దేశంలో 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. గూగుల్‌లో అసభ్యమైనవి వడగట్టే సేఫ్‌సెర్చ్ ఉంది, చిన్నపిల్లల ఫోన్లను పెద్దలు చూసుకోవడానికి ఫ్యామిలీ లింక్ ఉంది. ఇంట్లో ఇవి పెట్టుకోవాల్సిందే, ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకైతే తప్పనిసరిగా. కానీ తాళాలు ఇంటి ఫోనుకు ఉంటాయి. స్నేహితుడి ఫోనుకు ఉండవు, జిరాక్స్ షాపు కంప్యూటరుకు ఉండవు.

చెడ్డ పేజీ ఎదురైనప్పుడు, ఎవరో ఫొటో అడిగినప్పుడు, అడిగి బెదిరిస్తున్నప్పుడు పిల్లలు ముందు ఎవరికి చెబుతారన్నదే ఆ తాళాలన్నిటికన్నా ముఖ్యం. చాలామంది ఎవరికీ చెప్పరు. చెబితే ఫోన్ లాక్కుంటారని, ‘నువ్వెందుకు చూశావు’ అని తిడతారని, ఆడపిల్లయితే చదువు మాన్పిస్తారేమోనని భయం. బెదిరించేవాడి ధైర్యం కూడా ఆ భయమే. కాబట్టి ఫోన్ ఇచ్చే రోజునే తల్లిదండ్రులు ఒక మాట ఇవ్వాలి: ఏం జరిగినా వచ్చి చెప్పు, ఫోన్ తీసుకోను, కొట్టను. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి కూడా. డబ్బు పోతే వెంటనే 1930కి, పిల్లలకు ఏ ఆపదైనా 1098కి ఫోన్ చేయాలని ఆ ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ నోటికి వచ్చి ఉండాలి.

వాకబు చేయని అలవాటు ఎంతదూరం పోతుందో 2018లో తెలుగు నేల చూసింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఆ అనుమానంతోనే మూక కొట్టి చంపింది. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన వీడియో ఒకటి ఉంది. బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ని ఎత్తుకుపోతారు. అది నిజానికి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ ఇద్దరూ పిల్లవాణ్ని వెనక్కి తెచ్చి దింపి, జాగ్రత్తలు చెప్పే బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కత్తిరించారు. ఆ వీడియో ముందెక్కడ కనిపించిందో ఒక్కరు వెతికినా అసలు సంగతి తెలిసేది.

అప్పుడు గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లకు ఊళ్లు అప్పగించి ఇంటింటికీ పంపారు, డప్పు మీద పాటలు కట్టించి నాలుగు వందలకు పైగా గ్రామాల్లో చెప్పించారు. అక్కడ ప్రాణాలు పోలేదు. కేరళలోని కన్నూరు జిల్లా కలెక్టరు మీర్ మహమ్మద్ అలీ ఇంకో దారి పట్టారు. టీకాలపై పుకార్లు నమ్మి తల్లిదండ్రులు వెనకడుగు వేయడం చూసి, పెద్దలకు చెప్పేకంటే పిల్లలకు నేర్పడం మేలనుకున్నారు. దాదాపు 150 ప్రభుత్వ బడుల్లో ‘సత్యమేవ జయతే’ పేరుతో తరగతులు పెట్టించారు. కేరళ ప్రభుత్వం తర్వాత దాన్ని రాష్ట్రమంతటికీ తీసుకుపోయింది. కేరళకు సాధ్యమైంది మనకెందుకు కాదు?

కృత్రిమ మేధ వచ్చాక వెతకడంతో పనేముంది, అడిగితే అదే చెబుతుంది కదా అనే మాటా వినపడుతోంది. గూగుల్ 2024 మేలో వెతుకు ఫలితాల పైన ఏఐ రాసిన జవాబులు చూపడం మొదలుపెట్టినప్పుడు, పిజ్జా మీద చీజ్ జారిపోకుండా జిగురు కలపమని ఒకరికి చెప్పింది. రోజుకో చిన్న రాయి తినడం మంచిదని ఇంకొకరికి చెప్పింది. మొదటిది ఎప్పుడో ఎవరో సరదాకు రాసిన వ్యాఖ్య, రెండోది హాస్యపత్రికలోది. ఆ తప్పులను దిద్దారు. అయినా ఏఐ తప్పును కూడా తడబడకుండా చెబుతుంది. కాబట్టి ఎక్కడి నుంచి చెబుతున్నావని అడగడం ఇప్పుడు మరింత అవసరమైంది.

దీనికంతా కొత్త సబ్జెక్టు, కొత్త పోస్టులు, కొత్త పుస్తకాలు కావాలని విద్యాశాఖ అనుకోనక్కర్లేదు. స్టాన్‌ఫర్డ్ బృందం 2021లో ప్రకటించిన సర్వేలో 3,446 మంది హైస్కూలు విద్యార్థులకు, అమెరికా ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగిందంటున్న వీడియో చూపించారు. సగానికి పైగా పిల్లలు దాన్ని గట్టి సాక్ష్యమన్నారు. ఆ వీడియో రష్యాలో తీసిందని వెతికి పట్టుకున్నవాళ్లు ముగ్గురే. అదే బృందం ఆ తర్వాత ఒక జిల్లా హైస్కూళ్లలో 499 మందితో ఇంకో ప్రయత్నం చేసింది. కొందరికి 50 నిమిషాల చొప్పున ఆరు పాఠాలు, వాళ్ల మామూలు తరగతుల్లోనే, వాళ్ల మామూలు టీచర్లతోనే చెప్పించింది. పాఠాలు విన్నవాళ్లు వినని వాళ్లకన్నా స్పష్టంగా మెరుగయ్యారు.

ఆరు పీరియడ్లు. తెలుగు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలు తలచుకుంటే వచ్చే విద్యాసంవత్సరంలోనే ఏడో తరగతి సాంఘిక శాస్త్రంలో వీటికి చోటు చూపించవచ్చు. ప్రశ్నను మాటలుగా విడగొట్టడం ఒక పీరియడు. ప్రకటనను, సమాచారాన్ని వేరుచేసి చూడటం, చిరునామా చదవడం ఇంకొకటి. వాకబుకు రెండు కావాలి, అన్నిటికన్నా కష్టమైనది అదే. ఫొటో, వీడియో ఎక్కడివో వెనక్కి వెతకడానికి ఒకటి. ఆపద వస్తే ఎవరికి చెప్పాలన్న దానికి చివరిది, అది తల్లిదండ్రులను కూడా పిలిచి చెప్పాలి. ట్యాబు లేని బడిలో గోడ మీది డిజిటల్ బోర్డు ఒక్కటున్నా చాలు. టీచరు అందరి ముందూ వెతుకుతూ, ఇది ఎందుకు నొక్కుతున్నాను, ఇది ఎందుకు వదిలేస్తున్నాను అని పైకి చెబుతుంటే పిల్లలు పట్టుకుంటారు.

ఉత్తర్వులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు కూడా. ఈసారి ప్రాజెక్టు ఇచ్చే ప్రతి టీచరూ ఒక్క షరతు పెట్టండి: చార్టు అడుగున రెండు సైట్ల పేర్లు రాయాలి, ఆ రెండింటిలో దేన్ని ఎందుకు నమ్మారో ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యానికి ఒక మార్కు ఇవ్వండి. అది జిరాక్స్ షాపులో దొరకదు.